అమ్మ తోమిన వెండి డాలరు

ఈసారి ఉత్తరం అమెరికా నుంచి, టెక్సాస్‌లోని డాలస్ దగ్గర్నుంచి వచ్చింది. రాసినాయన పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

ఆయనది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ ఉన్న పత్తి చేను కౌలుకిచ్చి అక్కడే ఉంటోంది. ఆయనా భార్యా ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఒక పాప, సొంతింటి డౌన్ పేమెంట్ కోసం మూడేళ్లుగా డబ్బు కూడబెడుతున్నారు. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద నెవాడా రాష్ట్రానికి వెళ్లినప్పుడు కార్సన్ సిటీలో పాత టంకశాల భవనం చూశారట, ఇప్పుడది మ్యూజియం. అక్కడ కొట్టిన వెండి డాలర్లు లక్షల కొద్దీ అమెరికా ఖజానాలో సంచుల్లో దశాబ్దాల పాటు పడి ఉండి 1964లో బయటపడ్డాయనీ, వాటిని ప్రభుత్వమే పెట్టెల్లో పెట్టి జనానికి అమ్మిందనీ విన్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని మొదటి డాలరు, 1884ది, ఆర్డర్ పెట్టారు. అప్పట్నుంచి ఒక్కొక్కటీ కొంటూ ఏడు పోగు చేశారు. 1878 నుంచి 1885 దాకా వరుసగా అన్నీ వచ్చాయి, ఒక్క 1879 తప్ప. ఏడింటికీ కలిపి 4,200 డాలర్లు అయింది. బోనస్ డబ్బు వేరే ఖాతాలో వేసుకుని అందులోంచి కట్టారు, భార్యకి చెప్పలేదు.

మొన్న శ్రావణంలో అమ్మ వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజు కలశం దగ్గర పెట్టడానికి వెండి బిళ్ల కావాల్సి వచ్చి ఇల్లంతా వెతికితే ఆయన టేబులు సొరుగులో ఒకటి కనబడింది. 1881 నాటి డాలరు అది, పోస్టులో వచ్చేటప్పుడే ప్లాస్టిక్ పెట్టె విరిగి పైరేకు ఊడిపోయి ఉంది. నల్లబడిందని ఆవిడ టూత్‌పేస్టు వేసి పాత బ్రష్‌తో శుభ్రంగా తోమి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు ఉంచింది. సాయంత్రం ఈయన ఇంటికొచ్చేసరికి పేరంటాళ్లు తాంబూలాలు తీసుకుంటున్నారు. డాలరు తళతళా మెరిసిపోతోంది. ఈయన అందరి ముందూ "ఏడొందల డాలర్ల వస్తువమ్మా ఇది, నిన్నెవరు ముట్టుకోమన్నారు" అని అరిచారు. అమ్మ చేతిలో పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏడొందలన్న మాట భార్య చెవిన పడింది. ఆ రాత్రికి సొరుగులు, ఖాతా, అన్నీ బయటికొచ్చాయి. ఇది ఇన్వెస్ట్‌మెంట్ అని ఈయన అంటారు. మొత్తం అమ్మేయమని ఆమె అంటోంది. ఈలోగా ఒక డీలరు దగ్గర ఆ 1879 డాలరు దొరికింది, ధర 8,500. 2,000 అడ్వాన్సు ఇచ్చేశారు, మిగతాది ఇరవై రోజుల్లో కట్టాలి, కట్టకపోతే అడ్వాన్సులో పది శాతం పట్టుకుంటారు. ఈ సంగతి భార్యకి ఇంకా తెలియదు. 1879ది కొనాలా వద్దా, భార్యని ఎలా ఒప్పించాలి, పాడైన 1881 డాలర్ని బాగుచేయించవచ్చా అని మూడు ప్రశ్నలు అడిగారు. చివర్లో ఒక్క వాక్యం రాశారు: అమ్మ ఊరెళ్లిపోయింది, ఫోన్ చేసినప్పుడల్లా "ఆ బిళ్ల మళ్లీ నల్లబడిందా నాన్నా" అని అడుగుతోంది.

ఇక మీతో మాట్లాడతాను.

ముందు చిన్న ప్రశ్న తేల్చేద్దాం. 1881 డాలరు బాగుపడదు. టంకశాల అచ్చు ఒత్తిడికి వెండి మధ్యలోంచి అంచుల వైపు పారినప్పుడు కంటికి కనబడనంత సన్నటి గీతలు పడతాయి, వాటి వల్లే కొత్త డాలర్ని లైటు కింద వంచి తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా దాని మీద గుండ్రంగా తిరుగుతుంది. టూత్‌పేస్టులో ఉన్న పొడి ఆ గీతల్ని అరగదీసి తన గీతలు గీసేసింది. మెరుపు ఉంది, కానీ వెలుగు తిరగదు, ఒక్కచోటే నిలబడి ఉంటుంది. మీరూ గమనించే ఉంటారు. మీ అమ్మగారు అడిగినట్టు అది కొన్నేళ్లకి మళ్లీ నల్లబడుతుంది, ఆ గీతలు మాత్రం కింద అలాగే ఉంటాయి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలకి, అంటే నాణెం స్థితి చూసి స్థాయి నిర్ణయించేవాళ్లకి, పంపినా "కడిగినది" అని రాసి పంపిస్తాయి. అలాగని అది చిత్తుకాగితం కాలేదు. 1881లో కార్సన్ సిటీలో కొట్టినవే 2,96,000, వెనకవైపు గద్ద బొమ్మ కింద కార్సన్ సిటీ గుర్తుగా సీసీ అన్న రెండక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వెండి బరువు ధర కన్నా ఎక్కువే ఇప్పటికీ పలుకుతుంది. మీరు పోగొట్టుకున్నది ధరలో ఒక భాగం, అంతే.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న. మీ అమ్మగారు ఆ బిళ్లలో ఏం చూసిందో మీరు ఆలోచించారా? భూతద్దం ఉంటే తీసి ఆ స్త్రీ ముఖం మీద పెట్టండి. టంకశాల శిల్పి జార్జ్ మోర్గాన్ చెక్కిన స్వేచ్ఛాదేవి అది, అందుకే వీటిని మోర్గాన్ డాలర్లంటారు, ఫిలడెల్ఫియాలో ఒక యువతిని కూర్చోబెట్టి గీసిన బొమ్మ. తల మీద కిరీటంలా గోధుమ వెన్నులు ఉంటాయి, వాటి పక్కనే విచ్చుకున్న పత్తికాయలు ఉంటాయి. అమెరికా ఉత్తరాన గోధుమ, దక్షిణాన పత్తి అని ఆయన ఉద్దేశం. పల్నాడులో జీవితమంతా పత్తి తీసిన మనిషికి ఒక వెండి బిళ్ల మీద నిండు ముఖం, జుట్టులో పత్తికాయలు, గింజ పట్టిన కంకులు కనబడితే, అదీ శ్రావణ శుక్రవారం పూట కనబడితే, ఆవిడ లక్ష్మి అనుకోక ఏమనుకుంటుంది? అంత శ్రద్ధగా ఆ డాలర్ని మీ ఇంట్లో చూసింది బహుశా మీ తర్వాత ఆవిడే. ఆవిడ చేసింది తప్పు కాదని నేను అనను, నష్టం జరిగింది. కానీ ఇంట్లో వెండి నల్లబడితే తోమి దేవుడి ముందు పెట్టడం ఆవిడ అరవై ఏళ్లుగా చేస్తున్న పని, తోమకూడని వెండి కూడా ఉంటుందని చెప్పాల్సిన మనిషి మీరే, మీరేమో సొరుగులో దాచారు.

కాబట్టి ఈ వారం మీరు చేయగల పనుల్లో అన్నిటికన్నా తేలికైనదీ ఆలస్యం చేయకూడనిదీ ఆవిడకి ఫోన్ చేయడమే. "పర్లేదులే అమ్మా, అయిందేదో అయింది" అనడానికి మాత్రం చేయొద్దు, ఆ మాట అంటే తప్పు ఆవిడదే అని మీరు క్షమించినట్టు అవుతుంది. పేరంటాళ్ల ముందు అరిచింది మీరు, ఆ మాట అనండి. మీ భార్య పక్కన ఉండగా, స్పీకర్‌లో పెట్టి అనండి, ఎందుకంటే అవమానం నలుగురిలో జరిగింది, కనీసం ఇద్దరి ముందైనా అది సర్దుకోవాలి. తర్వాత ఆవిడకి ఒక విషయం చెప్పండి, ఇది మీకు తెలుసో లేదో, నాకు మాత్రం ఈ డాలర్ల కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా మన దేశంలో కాగితం నోట్ల మీద నమ్మకం సడలి జనం వెండి రూపాయలే కావాలని పట్టుబట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర అంత వెండి లేదు. అమెరికా పిట్‌మన్ చట్టం అని ఒకటి తెచ్చి తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది, అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి ఇండియా కోసం బ్రిటన్‌కి అమ్మింది. ఆ వెండి బొంబాయి, కలకత్తా టంకశాలల్లో జార్జి బొమ్మ రూపాయలైంది. మన పల్లెల్లో పాత ట్రంకుపెట్టెల అడుగున జార్జి రూపాయలు ఒకటో రెండో ఇప్పటికీ ఉంటాయి. మీ అమ్మగారి దగ్గర ఉన్నాయేమో అడగండి. ఉంటే వాటి మీద 1918 గానీ 1919 గానీ ఉందేమో చూడమనండి. ఉంటే అది కరిగిపోయిన డాలర్లలోంచి పుట్టిందే కావచ్చు, మీ 1881కి అక్కో చెల్లో అన్నమాట. తోమొద్దని మాత్రం ముందే చెప్పండి. ఇలా అడిగితే ఆవిడకి మీరు ఏం పోగు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో మొదటిసారి తెలుస్తుంది, తను చెడగొట్టిన మనిషిగా కాకుండా ఆ కథలో భాగంగా మాట్లాడగలుగుతుంది.

ఇక మీ భార్య సంగతి. "ఎలా ఒప్పించాలి" అని రాశారు. ఆ మాట పక్కన పెట్టండి, ముందు ఆమె కోపం ఎక్కడ ఉందో చూడండి. మీ ఉత్తరంలో ఏ డాలరు ఏ నెలలో కొన్నారో వరసగా రాశారు, కొనేవాళ్లకి ఆ తేదీలు నోటికొచ్చి ఉంటాయి, నాకు తెలుసు, నేనూ పాతికేళ్లుగా నాణేలు పోగు చేస్తున్నాను. 1880ది, 1885ది రెండూ కిందటి మార్చిలో కొన్నానన్నారు. ఇంకోచోట, వేరే సందర్భంలో, కిందటి మార్చిలో మీ మరదలి సీమంతానికి మీ ఆవిడ గుంటూరు వెళ్తానంటే ఇంటి డబ్బు కదిలించొద్దు, టికెట్లు రెండు వేలవుతాయి అని మీరు వద్దన్నారని రాశారు. ఈ రెండు వాక్యాల మధ్య మూడు పేజీలు ఉన్నాయి, అందుకని మీకు కలిపి కనబడి ఉండవు. ఆ రాత్రి ఖాతా స్టేట్‌మెంట్ చూసినప్పుడు ఆమెకి పక్కపక్కనే కనబడి ఉంటాయి. ఆమె "అన్నీ అమ్మేయ్" అంటోందంటే వెండి మీద కోపం కాదు. తన చెల్లెలి సీమంతం కన్నా బరువైనదిగా మీరు తూచినవి ఇంట్లో కళ్లెదురుగా ఉండటం ఆమె భరించలేకపోతోంది.

దీనికి "ఇది ఇన్వెస్ట్‌మెంట్" అని మీరు చెప్పే జవాబు రెండు విధాల చెడ్డది. ఒకటి, అది ఆమె అడిగిన దానికి జవాబు కాదు. రెండు, అది నిజం కూడా కాదు, ఇదే మీకు కాస్త వివరంగా చెప్పాలి.

మన లంకెబిందెల కథల్లో బిందెలు దొరకగానే దొరికినవాడు గొప్పవాడైపోతాడు. నాణేల లోకంలో లంకెబిందెలు దొరికితే అప్పటికే ఆ నాణెం కొని దాచుకున్నవాడు పేదవాడైపోతాడు. న్యూ ఆర్లీన్స్ టంకశాలలో 1903లో కొట్టిన డాలరు 1962 నాటికి మోర్గాన్ డాలర్లన్నిట్లోకీ అరుదైనదని పేరు, కేటలాగులో 1,500 డాలర్లు. ఆ ఏడాది చివర్లో ఖజానాలోంచి కొన్ని పాత సంచులు తీస్తే వాటి నిండా అవే ఉన్నాయి. కొన్నాళ్లలోనే ధర ముప్ఫై డాలర్ల చుట్టుపక్కలకి పడిపోయింది. 1,500 పెట్టి కొన్నవాళ్ల డాలరు మీద ఒక్క గీత కూడా పడలేదు, ఎవరూ టూత్‌పేస్టుతో తోమలేదు, అయినా విలువ పోయింది.

మీ కార్సన్ సిటీ డాలర్లు కూడా అలాంటి ఖజానాలోంచి వచ్చినవే. నెవాడాలోని కామ్‌స్టాక్ గనుల్లో వెండి పుట్టలుపుట్టలుగా దొరికింది కాబట్టి దగ్గర్లోనే 1870లో టంకశాల పెట్టారు, చట్టం ప్రకారం ప్రభుత్వం నెలనెలా వెండి కొని డాలర్లు కొట్టాల్సి వచ్చింది, జనానికి అంత బరువైన నాణెం జేబులో వేసుకు తిరగడం ఇష్టం లేదు, కాబట్టి కొట్టినవి కొట్టినట్టే సంచుల్లో కూర్చున్నాయి. 1964 మార్చిలో వాషింగ్టన్‌లో జనం వెండి సర్టిఫికెట్లనే కాగితం నోట్లు ఇచ్చి వెండి డాలర్లు తీసుకోవడానికి క్యూలు కట్టారు, ఖజానా ఇక ఇవ్వం అని ఆపేసి మిగిలినవి లెక్కబెట్టుకుంటే దాదాపు 30 లక్షలు, అందులో ఎక్కువ భాగం సీసీ గుర్తువి. వాటినే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ, అంటే మీరు రాసిన జీఎస్ఏ, గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి 1972 నుంచి 74 దాకా, మళ్లీ 1980లో పోస్టు ద్వారా అమ్మింది.

ఇప్పుడు మీ మొదటి డాలరు 1884ది తీసుకోండి. ఆ ఏడు కొట్టినవి 11,36,000. ఖజానాలో దొరికినవి 9,62,638. నూటికి దాదాపు 85 అలా సంచుల్లోనే ఉండిపోయాయి. 1885లో కొట్టినవి 2,28,000, అన్ని కార్సన్ సిటీ మోర్గాన్ డాలర్లలోకీ అదే తక్కువ, అయినా 1,48,285 దొరికాయి. 1879లో 7,56,000 కొట్టారు, అంటే 1885 కన్నా మూడు రెట్లు ఎక్కువ, కానీ ఖజానాలో మిగిలినవి 4,123 మాత్రమే. మిగతావి వాడకంలో అరిగాయో, 1918లో కొలిమికి పోయాయో, కరిగించేటప్పుడు ఏ సంవత్సరానివి ఎన్ని అని ఎవరూ రాసి పెట్టలేదు. అందుకే మీ డీలరు 8,500 అడుగుతున్నాడు, అందులో మోసమేమీ లేదు.

కానీ వరుస పూర్తవుతుందని రాశారు చూడండి, అక్కడ కొంచెం ఆగండి. 1879 కొన్నాక 1890, 1891 ఉన్నాయి, ఖజానాలో అవి 3,949, 5,687 దొరికాయి. అవీ కొన్నారనుకోండి, 1889ది ఉంది. ఆ మొత్తం నిధిలో 1889 సీసీ డాలరు దొరికింది ఒకే ఒక్కటి. 1892, 1893 కూడా ఒక్కొక్కటే. అంటే ఈ నిధిలోంచి వరుస పూర్తి చేయడం లోకంలో ఇద్దరికి సాధ్యం కాదు. 1885 దగ్గర ఆగుదామని మీరు పెట్టుకున్న గీత మీరు గీసుకున్నదే, దాన్ని 1882 దగ్గరైనా గీసుకోవచ్చు, 1884 ఒక్కదాని దగ్గరైనా గీసుకోవచ్చు. ఇది తెలిశాక 8,500 కట్టాల్సిన తొందర కొంచెం తగ్గాలి.

ఇన్వెస్ట్‌మెంట్ సంగతి కూడా అంతే. డీలరు అమ్మే ధరా కొనే ధరా ఒకటి కాదు, మీరు రేపు అమ్మబోతే ఆ తేడా మీ మీదే పడుతుంది. లాభం వచ్చినా అమెరికాలో నాణేల లాంటి సేకరణ వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి పన్ను 28 శాతం దాకా ఉంటుంది, షేర్ల లెక్క దీనికి పనికిరాదు. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, ఉద్యోగంలో అంకెలు చూసే మనిషి మీరు. తెలిసి కూడా ఆ మాట వాడుతున్నారంటే, ఇష్టం కోసం ఇంత ఖర్చు పెట్టానని చెప్పుకోవడానికి మీకే మనసొప్పక దానికి గౌరవంగా ఉండే పేరు పెట్టుకున్నారని నాకు అనిపిస్తోంది. మన ఇళ్లల్లో మగవాడు స్థలం కొంటే, బంగారం కొంటే, చీటీ కడితే ఎవరూ ఎందుకని అడగరు, చూడముచ్చటగా ఉందని ఒక బిళ్ల కొంటే అడుగుతారు. మీ ఆవిడ మీతో అన్న మాట మీరే రాశారు: "ఇష్టమైతే ఇష్టమని చెప్పొచ్చుగా." ఆమె మీకు తలుపు తీసే ఉంచింది. ఇష్టం అని ఒప్పుకుంటే చర్చ మారుతుంది, ఇష్టానికి ఒక హద్దు పెట్టుకోవచ్చు, ఆమె ఇష్టాలకి కూడా అంతే హద్దు, అంతే డబ్బు పక్కన పెట్టొచ్చు. ఇన్వెస్ట్‌మెంట్ అన్నంతసేపూ హద్దు ఉండదు, ఎంత పెట్టినా తెలివే అవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏదైనా సరే, 1879 అడ్వాన్సు సంగతి ఆమెకి చెప్పకముందు ఏ దారీ దారి కాదు. ఇంకో వారం తర్వాత ఆమె తనంతట తాను కనుక్కుంటే, మొదటి రాత్రి "అన్నీ చెప్పేశాను" అని మీరన్న మాట కూడా అబద్ధమవుతుంది, అప్పుడు నేను గానీ ఇంకెవరు గానీ రాసే ఉత్తరం పనికిరాదు.

1879 వదులుకుంటే మీకు పోయేది 200 డాలర్లు. బాధగా ఉంటుంది, ఇంకా పదేళ్లు కేటలాగులో ఆ పేజీ వచ్చినప్పుడల్లా ఉంటుంది, అది నేను కాదనను. కానీ ఖజానాలో దొరికిన ఆ 4,123 నాణేలు ఎక్కడికీ పోవు, ఏటా వేలాల్లో కనబడుతూనే ఉంటాయి. ఇల్లు కొన్నాక, అయిదేళ్లకో ఆరేళ్లకో, ఆమెకి తెలిసి, ఆమె పక్కన కూర్చుని కొనే అవకాశం మిగులుతుంది. అప్పటికి ధర పెరగొచ్చు. పెరిగితే పెరగనివ్వండి.

కొంటే, ఇంటి డబ్బు ముట్టకుండా కొనడానికి ఉన్న ఏడింట్లో కొన్ని అమ్మాలి. ఏడూ అమ్మినా 8,500 రాదు, మీకూ తెలుసు. అంటే ఒక్క డాలరు కోసం మిగతావన్నీ ఇచ్చి పైన ఇంకా కట్టాలి, కార్సన్ సిటీలో హోటల్ గదిలో ఆర్డర్ పెట్టిన 1884ది కూడా పోతుంది. కొందరికి అది సరిపోతుంది, ఒక్క మంచి నాణెం చాలనుకునే సేకర్తలు నాకు తెలుసు. మీ ఉత్తరం చదివితే మీరు ఆ రకం అనిపించలేదు.

మధ్యలో ఇంకోటి ఉంది. 1879 సీసీ డాలరే, జీఎస్ఏ పెట్టె లేకుండా, జనం చేతుల్లో తిరిగి బాగా అరిగినది, మీ డీలరు అడిగే దాంట్లో చిన్న వంతుకే దొరుకుతుంది. నిధిలోంచి వచ్చింది కాదు, నిజమే, పెట్టెల వరుసలో అది ఇమడదు. కానీ అది నెవాడాలో ఎవరి జేబులోనో తిరిగింది, ఎవరో దాంతో ఉప్పో పప్పో కొన్నారు. మీ అమ్మ తోమిన 1881 పక్కన పెడితే రెండూ మనుషుల చేతులు తగిలినవే. కొనేటట్టయితే గ్రేడింగ్ సంస్థ పెట్టెలో ఉన్నదే తీసుకోండి, ఇంట్లో తూకం వేసి 26.73 గ్రాములకి దగ్గర్లో ఉందో లేదో చూడండి, అరిగినది కాస్త తక్కువ తూగుతుంది. ఈ డాలర్లకి దొంగవి చాలా ఉన్నాయి.

చివరిది, మీ ఆవిడ అన్నట్టు అన్నీ అమ్మేయడం. ఆమె సమాధానపడుతుంది, కొన్ని వందలు నష్టపోతారు, డబ్బు ఇంటి ఖాతాలో చేరుతుంది. మీకు దీనివల్ల లోపల ఏమవుతుందో నిజాయితీగా ఆలోచించుకోండి. కోపంలో ఒప్పుకుని అమ్మేసి, రెండేళ్లకి మళ్లీ ఇంకో సొరుగులో మొదలుపెట్టిన వాళ్లని చూశాను. రీనోలో లావెర్ రెడ్‌ఫీల్డ్ అని ఒకాయన ఉండేవాడు, కార్సన్ సిటీకి దగ్గరే, ఎవరినీ నమ్మక ఇంటి నేలమాళిగలో దొంగ గోడ కట్టి దాని వెనక వెండి డాలర్లు దాచాడు. 1974లో ఆయన పోయాక తీస్తే నాలుగు లక్షలకు పైగా ఉన్నాయి, 1976లో కోర్టు వేలంలో 73 లక్షల డాలర్లకి పోయాయి. బతికి ఉండగా వాటిని ఎవరికైనా చూపించి మురిసిన రోజు ఆయనకి ఉందో లేదో. అమ్మమంటే అమ్మండి, ఉంచితే ఉంచండి, కానీ ఉంచినవి ఇంట్లో అందరికీ కనబడే చోట ఉండాలి.

నన్నడిగితే, నా మొగ్గు 1879 వదిలేసి, 1885 గానీ 1880 గానీ అమ్మి ఆ డబ్బుతో మీ ఆవిడకి గుంటూరు టికెట్టు కొనడం వైపు ఉంది. సీమంతం అయిపోయింది, బిడ్డకి ఇప్పుడు అయిదారు నెలలు ఉండి ఉండాలి, అన్నప్రాసనకి అందుకోవచ్చు. ఏది అమ్మాలో ఆమెనే ఎంచమనండి. ఎంచాలంటే చేతిలోకి తీసుకుని చూడాలి, అప్పుడు ఆ పత్తికాయలు మీరు చూపించండి. ఇది నా మొగ్గు మాత్రమే, మీ ఇంటి లెక్కలు మీకు తెలుసు, ఆమెకి ఇంకేదైనా న్యాయంగా తోస్తే అదే సరి.

1881 మాత్రం ఎవరికీ అమ్మకండి. కలశం దగ్గర పెట్టే బిళ్లగా దాన్ని ఉంచేసి, వచ్చే శ్రావణంలో మీ అమ్మగారు వస్తే ఆవిడ చేతికే ఇవ్వండి. ఈలోగా డీలరుకి ఈ రాత్రే మెయిలు పెట్టి ఇంకో పదిరోజులు గడువు ఇస్తాడేమో అడగండి. అడగడంలో తప్పులేదు, చాలామంది ఇస్తారు. మెయిలు పంపేముందు అది మీ ఆవిడకి చూపించండి.